జెముడు చెప్పు పాఠము: అంటు, సంకరము, ఎంపిక

బాపట్ల, తెనాలి, రేపల్లె ప్రాంతముల రైతులకు అంటు అను మాట క్రొత్తది కాదు. మామిడి అంట్లు, సపోటా అంట్లు నాటిన తోటలు మన ఎరుకలోనివే. బాపట్ల ఇసుక నేలలలో జీడిమామిడి అంట్లు పెట్టి లాభము పొందిన వారు ఎందరో కలరు. అయినను అంటు కట్టిన చోట లోపల ఏమి జరుగునో కంటితో చూచినవారు తక్కువ. మామిడిలో ఆ కలయిక బెరడు చాటున దాగియుండును. జెముడు మొక్కలో అట్లు కాదు. కోసిన ముఖము తేటగా కనిపించును. పది దినములలో ఫలితము తెలిసిపోవును. ఖర్చు చెప్పుకోదగినది కాదు. అందుచేతనే ఈనాడు పట్టణములలోనే గాక పల్లెలలో కూడ డాబాలమీద, వసారాలలో జెముడు అంట్లు కట్టు సరదా వ్యాపించుచున్నది.

ఈ వ్యాసములో మొదట జెముడు అంటు కట్టు పద్ధతిని తెలుపుదుము. పిదప దాని వెంట వచ్చు ప్రశ్నలను చూతము. కొన్ని మొక్కలు ఎందుకు కలియును, కొన్ని ఎందుకు కలియవు? మొక్కల నడుమ బంధుత్వము అనగా ఏమి? అంటు కట్టినచో జాతి మారునా? జాతులు అసలు ఎట్లు మారును? మనిషి ఎక్కడినుండి వచ్చెను? ఇవి పండితులకు మాత్రమే పనికివచ్చు ప్రశ్నలని తలపవద్దు. మన జిల్లాలలో ప్రత్తి రైతులను ఒకప్పుడు నిలువున ముంచిన పురుగు కథకు మూలము ఇందులోనే యున్నది.

జెముడు మన ఊరి మొక్కయేనా?

చేని గట్టుమీద ముళ్ళతో, అరచేతులవంటి పచ్చని దిమ్మలతో పెరుగు నాగజెముడును చూచి, ఇది అనాదిగా మన దేశపు మొక్కయేనని చాలమంది అనుకొందురు. అది పొరబాటు. నాగజెముడు కుటుంబమునకు పుట్టిల్లు అమెరికా ఖండములు. ఈ కుటుంబములో పదిహేను వందలకు పైగా జాతులు కలవు. శాస్త్రజ్ఞుల అంచనా ప్రకారము ఈ కుటుంబము పుట్టి సుమారు మూడున్నర కోట్ల సంవత్సరములు అయినది. అప్పటికే మన భూభాగము అమెరికా ఖండములనుండి విడివడి చాల కాలమైనది. కనుక నాగజెముడు తనంత తానుగా ఇక్కడికి చేరుటకు వీలులేకపోయినది. ఐరోపావారి ఓడలు తిరుగుట మొదలైన తరువాతనే అది సముద్రము దాటి మన తీరమునకు వచ్చినది. మన మిరప, టమాటా, వేరుశనగ, జీడిమామిడి కూడ ఆ దిక్కునుండి వచ్చినవే.

మరి బొమ్మజెముడు, కాడజెముడు, ఆకుజెముడు సంగతి ఏమి? ఇవి నాగజెముడుకు చుట్టములు కావు. ఇవి ఆముదము, కర్రపెండలము చేరిన కుటుంబములోనివి. ఈ తేడాను తెలిసికొనుట సులభము. బొమ్మజెముడును గీరినచో తెల్లని పాలు కారును. నాగజెముడును కోసినచో జిగురు నీరే గాని పాలు రావు. నాగజెముడు ముళ్ళు నూగుతో నిండిన చిన్న మచ్చలనుండి గుత్తులుగా పుట్టును. బొమ్మజెముడు ముళ్ళు కణుపుల వద్ద జంటలుగా వుండును. బొమ్మజెముడు పాలు కంటిలో పడినచో చాల బాధించును, చూపునకే ప్రమాదము రావచ్చును. పిల్లలను దాని దగ్గరకు పోనీయరాదు.

చుట్టరికము లేని రెండు మొక్కలు ఒకే రూపు ఎట్లు దాల్చినవి? రెండింటికిని ఎదురైన కష్టము ఒక్కటే: నీటి ఎద్దడి. ఆకులు ఎక్కువగా వున్నచో నీరు ఆవిరియై పోవును. కనుక ఆకులు తగ్గినవి, కాండము లావై నీటిని దాచు తొట్టి అయినది, పశువులు తినకుండ ముళ్ళు ఏర్పడినవి. నాగజెముడు పగటిపూట తన ఆకురంధ్రములను మూసికొని రాత్రి చల్లదనములో తెరచి గాలిని పీల్చుకొనును. బొమ్మజెముడు వంశములోని అనేక మొక్కలు కూడ ఈ ఉపాయమునే నేర్చినవి. ‘నేర్చినవి’ అనునది మాటవరసకు మాత్రమే. నిజముగా జరిగినదేమో ముందు చెప్పుదుము.

అంటు కట్టు విధానము

వేరుమొక్క: మూడు పలకల కాండము గల డ్రాగన్ పండు మొక్క ఇందుకు శ్రేష్ఠము. ఈ పండు తోటలు ఈనాడు మన రాష్ట్రములో అక్కడక్కడ వున్నవి గనుక కత్తిరింపు ముక్కలు దొరకుట కష్టము కాదు. జానెడు ముక్కను కోసి వారము దినములు నీడలో ఆరబెట్టి, రెండు పాళ్ళు ఇసుక, ఒక పాలు బాగుగా చివికిన పెంట, ఒక పాలు ఎర్రమన్ను కలిపిన కుండీలో నాటవలెను. బాపట్ల, సూర్యలంక ప్రాంతపు ఇసుకను వాడువారు ఉప్పు పోవునట్లు రెండు మూడు సార్లు మంచినీటితో కడుగవలెను. తెనాలి, రేపల్లె ప్రాంతముల నల్లరేగడి మన్ను ఒంటరిగా పనికిరాదు, అది నీరు నిలిపి వేళ్ళను కుళ్ళజేయును. కుండీ అడుగున రంధ్రము తప్పక వుండవలెను. ఆరు నుండి ఎనిమిది వారములలో వేళ్ళు పట్టును.

అంటుముక్క: గుండ్రని చిన్న జెముడు జాతులు దేనినైనను తీసికొనవచ్చును. నర్సరీలలో ఎర్రని, పసుపుపచ్చని బంతివలె కనిపించు మొక్కలు అమ్ముచుందురు. వాటికి మూలమైన జాతి దక్షిణ అమెరికాలోని పరాగ్వే ప్రాంతమునకు చెందినది. 1941లో జపానులో ఐజీ వతనబే అను నర్సరీ యజమాని వేలకొలది నారు మొక్కల నడుమ ఎర్రని మొలకలను గుర్తించెను. వాటిలో పత్రహరితము లేదు, అనగా సూర్యరశ్మితో ఆహారము వండుకొను శక్తి లేదు. విడిచిపెట్టినచో కొద్దిదినములలో చచ్చిపోవును. ఆయన వాటిని ఆకుపచ్చని వేరుమొక్కపై అంటుకట్టి బ్రతికించెను. మనము చూచు ఎర్రబంతులన్నియు పిలకల ద్వారా ఈ విధముగా వచ్చినవే. అంటు లేనిదే అవి ఎక్కువ కాలము బ్రతుకజాలవు.

కాలము: ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలము. ముసురు దినములలోను, అక్టోబరు, నవంబరు తుఫాను వానలలోను కట్టిన అంట్లు ఎక్కువగా కుళ్ళును.

పద్ధతి: 1. క్రొత్త బ్లేడును గాని, పలుచని పదునైన కత్తిని గాని స్పిరిటుతో తుడువవలెను. ప్రతి కోతకు ముందు మరల తుడువవలెను.

2. వేరుమొక్కను నేలనుండి నాలుగు అంగుళముల ఎత్తున అడ్డముగా ఒక్క కోతతో కోయవలెను. ఆ ముఖము అంచులను చుట్టును కొద్దిగా ఏటవాలుగా చెక్కవలెను. ఇట్లు చేయనిచో ఆరినప్పుడు మెత్తని కండ లోపలికి కుంగి గట్టి చర్మము పైకి నిలిచి, అంటుముక్కను ఎత్తివేయును.

3. అంటుముక్క అడుగును కూడ అట్లే కోయవలెను. రెండు ముఖముల నడుమను ఉంగరమువంటి ఒక వలయము కనిపించును. నీరు, ఆహారము పారు కాలువలు ఆ వలయములోనే యున్నవి.

4. వేరుమొక్క ముఖమునుండి కాగితమంత పలుచని పొరను మరల కోసి, తడి ఆరకముందే అంటుముక్కను దానిపై పెట్టి, గాలి బుడగలు పోవునట్లు మెల్లగా త్రిప్పుచు నొక్కవలెను. రెండు వలయములు సమానముగా లేకపోయినచో నడిమికి నడుమ పెట్టరాదు, ఒక ప్రక్కకు జరిపి వలయములు ఎక్కడనైనను ఒకదానినొకటి తాకునట్లు చూడవలెను. అంటు విజయము అంతయు ఈ ఒక్క విషయములోనే యున్నది.

5. రెండు రబ్బరు బ్యాండ్లను పైనుండి కుండీ అడుగువరకు కూడిక గుర్తువలె వేయవలెను. బిగువు సమానముగా వుండవలెను.

6. కుండీని గాలి తగులు నీడలో వుంచవలెను. అంటు మీద నీటిచుక్క పడరాదు. పది దినముల తరువాత బ్యాండ్లు తీయవచ్చును. నెల గడచిన పిదప క్రమముగా ఉదయపు ఎండ చూపవలెను.

అంటుపై తెల్లని దూదివంటి మచ్చలు కనిపించినచో పుల్లతో నలిపి చూడుడు. ఎర్రని రసము వచ్చినచో అది కొచినీల్ పురుగు. స్పిరిటులో తడిపిన దూదితో తుడిచివేసిన చాలును. అయితే ఈ పురుగును గూర్చి ఒక పెద్ద కథ కలదు. దానిని తెలిసికొనిన తరువాత దానిపై మీకు కొంత గౌరవము కూడ కలుగును.

పురుగు గెలిచిన యుద్ధము

ఎర్రని రంగు ఈ జాతి పురుగులనుండి తీయుదురు. ఆ వర్తకము పూర్వము స్పెయిన్‌వారి చేతిలో నుండెను. ఆ లాభముపై ఆశతో 18వ శతాబ్దము చివర మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అను వైద్యుడు సైదాపేటవద్ద జెముడు తోటను పెంచెను. 1795లో కెప్టెన్ నీల్సన్ అనునతడు బ్రెజిల్‌నుండి పురుగులను కలకత్తాకు తెచ్చెను. కాని వచ్చినది రంగునిచ్చు మేలుజాతి పురుగు కాదు, దాని దాయాది. రంగు నాసిగా వుండుటచే వర్తకము సాగలేదు. అయితే ఆ పురుగు, అప్పటికే బంజరులను ఆక్రమించియున్న ఒక జాతి జెముడును పీల్చి పీల్చి నాశనము చేసినది. దీనిని గమనించి 1836 ప్రాంతమున దానిని దక్షిణాదికి కావలెనని తెచ్చి విడిచిరి. కొంతకాలమునకు ఇక్కడినుండి సింహళమునకు పంపిరి. ఒక కలుపు మొక్కను అణచుటకు దాని సహజశత్రువును ఒక దేశమునుండి మరియొక దేశమునకు కోరి పంపుట లోకములో ఇదియే మొదటిసారియని శాస్త్ర గ్రంథములు చెప్పుచున్నవి.

కాని ముళ్ళు మెండుగా గల మరియొక జాతి, ఓపన్షియా డిల్లెనై, ఈ పురుగుకు లొంగలేదు. అది మద్రాసు రాజధాని పల్లెలలో బంజరులను, పశువుల మేతభూములను కప్పివేసినది. పాములకు, ఎలుకలకు నివాసమైనది. నరికినచో ప్రతి ముక్క మరల మొలిచెడిది. 1926లో సింహళమునుండి వేరొక కొచినీల్ పురుగును తెప్పించి విడిచిరి. కొద్ది సంవత్సరములలోనే అది జెముడు పొదలను నేలమట్టము చేసినది. ఈనాడు మన గట్లమీద నాగజెముడు అక్కడక్కడ మాత్రమే కనిపించుటకు కారణము ఆ పురుగే.

ఇందులో గమనింపవలసినది ఒకటి యున్నది. చూపునకు ఒకటే అనిపించు రెండు జాతుల జెముడు, ఒకటే అనిపించు రెండు జాతుల పురుగు. కాని ఏ తాళమునకు ఆ చెవియే. లక్షల సంవత్సరములు కలిసి పెరిగిన మొక్కకు, పురుగుకు మధ్య ఏర్పడిన లెక్క అది. బంధుత్వమును చూపుతో గాక ఇట్టి పరీక్షలతో తేల్చవలెను.

అంటు వల్ల జాతి మారునా?

అంటు కట్టుటకు చుట్టరికము కావలెను. సపోటాను పాల చెట్టుపై కట్టుదుము, రెండును ఒక కుటుంబములోనివే. బత్తాయిని రంగపూర్ నిమ్మపై కట్టుదుము. వంగ జాతి వేరుమొక్కపై టమాటాను కట్టుదుము. నాగజెముడుపై బొమ్మజెముడును కట్టి చూడుడు, రూపు ఎంత కలిసినను అంటు కలియదు. వేపపై మామిడి కట్టి చేదు మామిడి పండించితిమను మాటలు విన్నచో నమ్మవద్దు.

అంటు కలిసినను ఎవరి స్వభావము వారిదే. ఎర్రబంతి పైన ఎర్రగానే వుండును, వేరుమొక్క క్రింద పచ్చగానే వుండును. వేరుమొక్క ఆహారము పెట్టును, బలమిచ్చును, తెగులును ఆపును. కాని పైమొక్క వంశలక్షణమును మార్చదు. బంగినపల్లి అంటుకు బంగినపల్లి కాయయే కాయుటకు ఇదియే కారణము. ఇంటికి వచ్చిన అతిథికి మనము అన్నము పెట్టుదుము గాని ఇంటిపేరు మార్చము గదా!

ఈ సూత్రమునకు ఇటీవల శాస్త్రజ్ఞులు కొన్ని చిన్న సవరణలు కనుగొనిరి. 2009లో జర్మనీ శాస్త్రజ్ఞులు రెండు పొగాకు మొక్కలను అంటుకట్టి, అతుకు వద్ద మాత్రము ఒక మొక్క జన్యువులు కొన్ని రెండవ మొక్క కణములలోనికి చేరగలవని చూపిరి. 2020లో జపానులోని నగోయా విశ్వవిద్యాలయమువారు పొగాకు జాతి మొక్క దూరపు కుటుంబముల మొక్కలతో కూడ అతుకగలదని తెలిపిరి. 2022లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు మరియొక మెట్టు ఎక్కిరి. గోధుమ, అరటి, ఉల్లి వంటి ఏకదళ బీజపు మొక్కలు అంటుకు లొంగవని ఇంతవరకు అందరును నమ్మియుండిరి. వారు గింజలోని లేత మొలక దశలోనే ముక్కలను కలిపి, గోధుమను ఓట్సు వేళ్ళపై నిలిపిరి. అరటిలో వేరునుండి వచ్చు పనామా తెగులు వంటి వాటికి ఇది ఒకనాటికి విరుగుడు కావచ్చును. అయితే ఇది ఇంకను ప్రయోగశాల పని. ఎవరైన అరటి అంట్లని అమ్మవచ్చినచో కొనవద్దు.

వంశలక్షణములు కలియవలెనన్నచో సంకరము చేయవలెను. అనగా ఒక పూవు పుప్పొడిని మరియొక పూవుకు చేర్చి విత్తు కట్టించవలెను. మన బాపట్ల వరి పరిశోధకులు జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకములను ఇట్లు కలిపి, సంతతిలో మేలైన వాటిని ఏరుచు వచ్చి బి.పి.టి. 5204 అను సాంబ మసూరిని రూపొందించిరి. అది 1986లో విడుదలయినది. ఇందులో పని రెండు భాగములు: కలుపుట ఒకటి, ఏరుట మరియొకటి. కలుపుట కొద్దిదినముల పని. ఏరుట సంవత్సరముల పని.

ఏరువాడు లేని ఎంపిక

రైతు ఏరుటను ఎరుగును. మంచి కంకిని విత్తనమునకు వుంచుట, మంచి గిత్తను ఆబోతుగా విడుచుట తరతరముల అలవాటు. ఒంగోలు జాతి పశువు అట్టి ఏరికతో నిలిచినదే. మన జాతి పశువులు బ్రెజిల్ చేరి అక్కడ నెల్లూరు పేరుతో మందలు మందలుగా పెరుగుచున్నవి.

ఏరువాడు లేకున్నను ఏరిక జరుగునని ఇంగ్లండు దేశస్థులు చార్లెస్ డార్విన్, ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1858లో లోకమునకు తెలిపిరి. మరుసటి సంవత్సరము డార్విన్ దానిని పెద్ద గ్రంథముగా వ్రాసెను. వారి వాదము రైతుకు సులభముగా అర్థమగును. ప్రతి జీవి బ్రతుకగలిగినదానికన్న ఎక్కువ సంతానమును కనును. సంతానములో ఏ రెండును సరిగా ఒకటి కావు. కరవు, పురుగు, తెగులు వచ్చినప్పుడు కొన్ని చచ్చును, కొన్ని మిగులును. మిగిలినవే తమ లక్షణములను పిల్లలకు ఇచ్చును. ఇట్లు వేల తరములు గడచినచో జాతి రూపే మారును. జెముడు నీటిని దాచుట ‘నేర్చుకొనలేదు’. నీటిని దాచుకొనలేనివి చచ్చినవి, దాచుకొనగలిగినవి నిలిచినవి. ఇంతే. రెండు వేరు వేరు ఖండములలో రెండు కుటుంబములపై ఒకే ఎండ కాసినది గనుక, రెండును ఒకే వేషము వేసినవి.

మనిషి మాట

ఈ సూత్రమునుండి మనిషి మినహాయింపు కాదు. ‘కోతి మనిషి ఎట్లు అయినది? ఇప్పటి కోతులు ఎందుకు కావు?’ అని రచ్చబండవద్ద ప్రశ్నించువారు కలరు. ప్రశ్న మంచిదే. జవాబు ఇది: ఇప్పటి కోతి మనకు తాత కాదు, జ్ఞాతి. ఒకే ముత్తాతనుండి రెండు శాఖలు చీలినట్లు, చింపాంజీ శాఖ, మన శాఖ సుమారు అరువది, డెబ్బది లక్షల సంవత్సరముల క్రిందట చీలినవి. మన జాతి మనిషి ఎముకలలో మిక్కిలి పాతవి ఆఫ్రికాలోని మొరాకోలో దొరికినవి, వాటి వయస్సు సుమారు మూడు లక్షల సంవత్సరములని 2017లో ప్రకటించిరి.

ఈ ఆధారములు విదేశములలోనే లేవు. చెన్నపట్నము సమీపమున అత్తిరంపాక్కములో దొరికిన రాతి గొడ్డళ్ళు సుమారు పదిహేను లక్షల సంవత్సరముల నాటివని 2011లో తేల్చిరి. అవి మన జాతికన్న ముందటి మానవులు చేసినవి. మన రాష్ట్రములో బిళ్ళసర్గము గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ త్రవ్వి పరిశీలించెను. నంద్యాల జిల్లా జ్వాలాపురము వద్ద నేలలో తెల్లని బూడిద పొర ఒకటి యున్నది. అది సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతము ప్రేలినప్పుడు గాలిలో కొట్టుకొనివచ్చి పడినది. ఆ పొరకు క్రిందను, పైనను రాతి పనిముట్లు దొరికినవని 2007లో పరిశోధకులు ప్రకటించిరి. అంత ఉపద్రవము తరువాత కూడ ఆ లోయలో మనుషులు నిలిచిరని దానిని బట్టి వారు చెప్పుచున్నారు.

ఎముకలే గాక ఇప్పుడు రక్తమే చరిత్ర చెప్పుచున్నది. పాత ఎముకలనుండి జన్యువులను చదువు విద్యను సాధించినందుకు స్వాంటె పాబో అను శాస్త్రజ్ఞునికి 2022లో నోబెల్ బహుమానము ఇచ్చిరి. నియాండర్తల్ అను గతించిన మానవజాతితో మన పూర్వులకు సంకరము జరిగినదనియు, ఆఫ్రికా వెలుపలి ప్రజలందరిలో వారి అంశ నూటికి రెండు పాళ్ళ వరకు ఇప్పటికిని కలదనియు తేలినది. మనము కూడ సాంబ మసూరివలె సంకర సంతతియేనన్నమాట!

మనిషిలో మార్పు పాతకాలముతో ఆగిపోలేదు. పాడి పశువులను పెంచిన ప్రజలలో పెద్దవయస్సున కూడ పాలను జీర్ణించుకొను లక్షణము వ్యాపించినది. పశువును మనము మార్చితిమి, పశువు మనలను మార్చినది. మన ఏజెన్సీ ప్రాంతముల గిరిజనులలో కనిపించు సికిల్ సెల్ లక్షణము మరియొక ఉదాహరణము. తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే అది వచ్చినచో మలేరియానుండి రక్షణ కలుగును. ఇద్దరినుండి వచ్చినచో కఠినమైన రక్తవ్యాధి అగును. మలేరియా మెండుగా వున్న అడవులలో ఆ లక్షణము నిలిచినది ఇందుచేతనే. 2023లో కేంద్ర ప్రభుత్వము దీని నిర్మూలనకు ఒక జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. పెండ్లికి ముందు రక్తపరీక్ష చేయించుకొనుట మేలని గ్రామోద్యోగులు ఆ ప్రాంతములలో తెలియజెప్పవలెను.

మరియొక మాట. ఏ ఇద్దరు మనుషులను తీసికొన్నను జన్యువులలో వెయ్యింట సుమారు ఒక పాలు మాత్రమే తేడా. రంగు, కులము, ఊరు చూచి మనము గీచికొను గీతలకు ఇందులో చోటు చాల తక్కువ.

ప్రత్తి చేనులో పరిణామము

ఇక అసలు విషయమునకు వత్తము. లక్షల సంవత్సరముల కథ మనకెందుకు అనువారికి ఇది జవాబు. పురుగుకు తరము అనగా నెల దినములు. మనకు వేల సంవత్సరములు పట్టు మార్పు దానికి కొద్ది సంవత్సరములలో జరుగును.

1980 తరువాత గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తి సాగు హెచ్చినది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చినవి. మొదట అవి పురుగును చీపురుతో ఊడ్చినట్లు ఊడ్చినవి. రైతులు ఆ మందులనే మరల మరల చల్లిరి. 1984-85లో తెల్లదోమ విజృంభించినది. 1987లో శనగపచ్చ పురుగు ఏ మందుకును లొంగక కాయలన్నిటిని తొలిచివేసినది. ఎన్నిసార్లు చల్లినను పురుగు చావలేదు, అప్పు మాత్రము పెరిగినది. ఆ సంవత్సరమున ప్రాణములు తీసికొన్న రైతులు కూడ కలరు.

మందు కల్తీయని కొందరనిరి, పురుగు మందుకు అలవాటుపడినదని కొందరనిరి. కల్తీ మందులు లేకపోలేదు. కాని పురుగు అలవాటుపడుట అను మాట సరికాదు. లెక్కకోసము చేనిలో లక్ష పురుగులున్నవనుకొందము. వాటిలో పదింటికి పుట్టుకతోనే ఆ మందును తట్టుకొను శక్తి యున్నదనుకొందము. మందు చల్లగానే మిగిలినవన్నియు చచ్చును. ఆ పది మిగులును. వాటితో పోటీపడునవి లేవు, వాటిని తిను సాలీళ్ళు, అక్షింతల పురుగులు కూడ మందుకు చచ్చినవి. తరువాతి తరమంతయు ఆ పదింటి సంతతియే. అదే మందును మరల చల్లినచో మనమే విత్తనపు కంకిని ఏరినట్లు, మందుకు చావని పురుగును ఏరి పెంచుచున్నాము. ఎంపిక చేయు చేయి మనదే.

ఈ కథ మరల జరిగినది. బీటీ ప్రత్తిని 2002లో అనుమతించిరి. మొదటిరకపు బీటీకి గులాబీరంగు పురుగు తట్టుకొనుచున్నదని 2010లో గుజరాతు నుండి వెల్లడియైనది. తరువాత రెండు జన్యువులు గల రకమునకు కూడ అదే గతి పట్టినది. బీటీ ప్రత్తితోపాటు బీటీ కాని ప్రత్తిని కొంత వుంచవలెనను నియమము ఇందుకొరకే పెట్టిరి. ఆ మొక్కలపై పెరిగిన మామూలు పురుగులు, తట్టుకొను పురుగులతో కలిసి, వాటి బలమును పలుచన చేయును. చాలమంది రైతులు ఆ విత్తనమును దండుగయని గట్టున పారవేసిరి. గట్టున పడినది విత్తనము కాదు, ఆ రకము ఆయువు.

మీరు చేయదగినవి

ఒకే వర్గమునకు చెందిన మందును వరుసగా రెండుసార్లు చల్లవద్దు. పేరు మార్చినంతమాత్రమున మందు మారదు. డబ్బాపై వ్రాసిన మందు అసలు పేరును, వర్గమును చూచుకొనుడు, లేనిచో గ్రామ వ్యవసాయ సహాయకుని అడుగుడు. రెండు మూడు మందులను కలిపి చల్లు అలవాటు మానుడు. లింగాకర్షక బుట్టలను పెట్టి పురుగును లెక్కించి, నష్టపరిమితి దాటినప్పుడే మందును వాడుడు. ప్రత్తి మోళ్ళను చేనిలో నిలువ వుంచక, పంట కాగానే తొలగించుడు. మిత్రపురుగులను బ్రతుకనిండు. నాగజెముడు అడవులను నేలమట్టము చేసినది మందు కాదు, ఒక చిన్న పురుగని మరువకుడు.

మీ ఊరి పాఠశాలలో ఉపాధ్యాయులతో మాట్లాడి, ఒక బల్లపై నాలుగు జెముడు అంట్లు పిల్లలచేత కట్టించుడు. రెండు నాగజెముడు కుటుంబములో కలిసినవి, రెండు బొమ్మజెముడుతో కలుపబోయినవి. బొమ్మజెముడును కోయు పని మాత్రము పెద్దలే, చేతికి తొడుగు వేసికొని చేయవలెను. పది దినముల తరువాత ఏవి కలిసినవో, ఏవి కలియలేదో పిల్లలు తామే వ్రాసికొందురు. రూపు వేరు, రక్తసంబంధము వేరు అను సంగతి ఎన్ని పుటలు చదివినను అంత గట్టిగా మనస్సున నాటదు. రేపు వారు చేనిలో మందు చల్లు దినము వచ్చినప్పుడు, చచ్చిన పురుగులనే గాక మిగిలిన పురుగులను కూడ లెక్కించు అలవాటు వారికి కలుగును.